సదరు బొంత

మా వైపు పుట్టిన బిడ్డను మొదటి పదకొండు రోజులూ పాతబట్టల్లోనే పడుకోబెడతారు. పురిటిస్నానం అయ్యాకే కొత్తగుడ్డ ఒంటికి తగలాలి. ఎందుకని అడిగితే కొందరు దిష్టి అంటారు, కొందరు ఆనవాయితీ అంటారు. నాకు తెలిసిన కారణం వేరే ఉంది. కొత్తగుడ్డకు గంజి ఉంటుంది, గుచ్చుతుంది. ఒక మనిషి ఇరవయ్యేళ్ళు కట్టి, వెయ్యిసార్లు ఉతికి, ఎండకు వెలిసిన నూలుచీర మీద పడుకోబెడితే, బిడ్డ తాను తల్లికి దూరమైన సంగతి రెండు మూడు రోజులపాటు గమనించదు. ఈ విషయం ప్రభుత్వంవారికి తెలియదు. వారినీ తప్పుపట్టలేం. ప్రభుత్వం ఎన్నడూ పొత్తిళ్ళలో పడుకుని ఎరగదు.

నేను పన్నెండేళ్ళుగా బొంతలు కుడుతున్నాను. పాత నూలుచీరను నాలుగు పొరలుగా మడిచి, రెండు మూరల పొడవున కత్తిరించి, అంచులు లోపలికి మలిచి, సన్నటి కుట్లు వరసగా వేసుకుంటూ పోవడమే. ఇందులో విద్య ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు. లంకపేట పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు ఆయా మేరమ్మ ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంటికొచ్చి, ఆ వారం కుట్టినవి సంచిలో పెట్టుకుపోతుంది. వట్టిచేతులతో కాన్పుకొచ్చే తల్లులుంటారు, వాళ్ళ బిడ్డల కింద పరుస్తుంది. ఎవరికిచ్చావని నేనడగను. ఎవరు కుట్టారని వాళ్ళడగరు. పన్నెండేళ్ళలో ఈ పనికి ఒక్క కాగితం పుట్టలేదు. అది ఎంత పెద్ద లోపమో ఆ మాఘమాసం దాకా నాకు తెలియదు.

ఆ నెల కుట్టినవాటిలో ఒక బొంత మాత్రం ఆసుపత్రికి కాదు. నా మనవరాలు నీరజకు అప్పుడు ఏడో నెల. నీరజ తల్లి వకుళ, నా ఒక్కగానొక్క కూతురు, పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది. దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు పొయ్యిమీద పాలున్నాయని నేను గుమ్మం దాకా కూడా రాలేదు. సాయంత్రానికి వచ్చేస్తుందనుకున్నాను. అప్పటినుంచి ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా, కూరగాయలకెళ్ళినా సరే, వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. నీరజ భర్త శ్రీహరి కరెంటాఫీసుకు వెళ్ళేటప్పుడు మలుపు దగ్గర ఆగి ఒకసారి చెయ్యి ఊపి మరీ వెళ్తాడు. మంచివాడు.

వకుళ కట్టిన నేరేడుపండు రంగు నూలుచీర ఒకటి నా దగ్గర ఉండిపోయింది. పురిటికి తల్లి దగ్గరుండాలి. నీరజకు ఆ భాగ్యం లేదు. చీరైనా ఉండాలని దాన్ని బొంత కుట్టాను. పోయినమనిషి చీర పసిగుడ్డు కిందా అని ఎదురింటి సుభద్రమ్మగారు బుగ్గలు నొక్కుకుంది.

"అది పోయినప్పుడు కట్టుకున్న చీర కాదమ్మా," అన్నాను. "ఉన్నప్పుడు కట్టుకున్నది."

ఇలా ఉండగా పైవాళ్ళకు దయ మీద మనసైంది. ఏదో ఒక కాలక్షేపపు కళ చేతిలో ఉండి, వారానికి నాలుగు మంచిపనులు చేసే కుటుంబాలు సుఖంగా ఉంటాయని ఎవరో చెప్పారట. అది విని ఊరుకుంటే ప్రభుత్వం ఎలా అవుతుంది? "సృజన సహృదయ పథకం" అని పెట్టి, మా లంకపేటకు ఒక సహృదయతా అధికారిని వేశారు. ఇంటింటికీ ఒక పుస్తకం ఇచ్చారు. ఇంట్లో ఎవరికి ఏ కళ వచ్చో మొదటి పేజీలో నమోదు చేయించుకోవాలి. వారానికి నాలుగు మంచిపనులు చేసి, మేలు పొందినవాడి సంతకం తీసుకోవాలి.

సుభద్రమ్మగారు ముగ్గులని రాయించుకుంది. ఏడాదికి ఎన్ని చుక్కలు పెట్టగలరో అంచనా పంపమని ఆవిడకు కాగితమొచ్చింది. ఆవిడ పాపం ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉంది. మా వీధి చివర ఇస్త్రీబండి అప్పలరాజు మేలు పొందడానికి అందరికీ అందుబాటులో ఉన్నాడు. పొద్దున్న పదకొండు లోపల అతను తొమ్మిది గ్లాసుల మజ్జిగ తాగి, తొమ్మిది సంతకాలు చేసి, ఇస్త్రీ చెయ్యడానికి తీరిక లేక బట్టలు ముడతలతోనే తిరిగిచ్చేవాడు. పన్నెండో ఇంటి మజ్జిగ వద్దన్నందుకు మా వీధివాళ్ళు అతనితో పోట్లాడారు. మంచిపని చెయ్యనివ్వడం లేదని అతని మీద ఫిర్యాదు కూడా వెళ్ళింది.

సహృదయతా అధికారి చిదంబరేశ్వరరావుగారు ఒకరోజు మా ఇంటికే వచ్చారు. వెంట ఫొటోలు తీసే అతనూ, ఆఫీసు అటెండరు సత్యానందమూ. సత్యానందం యాభై ఎనిమిదేళ్ళవాడు, మాట తక్కువ, ప్రతిదానికీ "ఆయ్" అంటాడు. అప్పుడు పెరట్లో తీగమీద బొంతలు ఆరుతున్నాయి. అధికారిగారు వాటిని చాలాసేపు చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నాతో అన్నారు:

"పేరిందేవమ్మగారూ, తమరు ఇంతకాలం అసంఘటిత దయ చేశారు. ఇకమీదట అది సంఘటితం కావలసి ఉంది."

సరేనన్నాను. ఆసుపత్రిలో పుట్టే ప్రతి బిడ్డకూ పథకం తరఫున బొంత ఇస్తామని, అందుకు ఒక నమూనా కావాలని అన్నారు. తీగమీద పద్నాలుగు బొంతలున్నాయి. ఫొటోలో రంగు బాగా పడుతోందని వారు తీయించింది వకుళ చీరది. అది ఇంటిదనీ, మా పిల్ల పురిటికనీ చెప్పాను. వారం రోజుల్లో తిరిగి ఇవ్వబడుతుంది అన్నారు. ఎవరు ఇస్తారో చెప్పలేదు. నేను తలూపాను. అధికారి ఎదురుగా నిలబడితే నేను చిన్నప్పటినుంచీ అంతే. సత్యానందం బొంతను నాలుగు మడతలు పెట్టి, కాగితంలో చుట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. లక్క చుక్క గుడ్డమీద పడకుండా కింద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను.

నేను చదువు నేర్చుకున్నది కొట్లో కట్టిచ్చే పొట్లాం కాగితాల మీద. ఏ కాగితమైనా ఆఖరిదాకా చదివి గానీ వదలను, మిగతా సగం ఇంకెవరి పొట్లానికో పోతుందని భయం. వాళ్ళిచ్చిన రసీదు కూడా అలాగే చదివాను. పైన "సదరు బొంత ఒకటి" అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, పథకం అమలయ్యేవరకు ప్రైవేటు వ్యక్తులు బొంతలు కుట్టి పంచరాదనీ, అలా చేస్తే దయ రెండుసార్లు జరిగే ప్రమాదం ఉందనీ ఉంది.

ఆదివారం మేరమ్మ వస్తే రసీదు చదివి వినిపించాను. ఆమె ఖాళీ సంచి మడుచుకుని కాసేపు అరుగుమీద కూర్చుంది. ఆ వారం ఆసుపత్రిలో ఆరు కాన్పులున్నాయి.

వారం పోయింది, మూడు వారాలయ్యాయి. బొంత కోసం ఆఫీసుకు వెళ్ళాను. చిదంబరేశ్వరరావుగారు కుర్చీ వేయించి, నన్ను గౌరవ సలహాదారుగా నియమించామని చెప్పి, మెడలో వేసుకునే బొమ్మకార్డు ఇచ్చారు. సమస్యేమిటంటే, ప్రభుత్వం పంచే ఏ వస్తువైనా కొత్తదై ఉండాలని ఏడో నిబంధన. అందుకని కొత్త నూలుచీరలు తెప్పించారు. నేను పదకొండు రోజుల సంగతి చెప్పాను. గంజి సంగతీ చెప్పాను. అక్కడున్నవారంతా తలలూపి రాసుకున్నారు. నిబంధనను కాదనలేరు, ఆనవాయితీని కాదనలేరు. పైకి రాశారు. పైనుంచి పది రోజుల్లో జవాబొచ్చింది: "వస్త్రము కొనుగోలు సమయమున కొత్తదిగను, పంపిణీ సమయమున పాతదిగను ఉండవలెను. మధ్యకాలమున తగు చర్యలు తీసుకొనునది."

తగు చర్యల పేరు వస్త్ర జీర్ణీకరణ కేంద్రం. ఊరి చివర పాత కల్యాణమండపంలో పెట్టారు. పన్నెండుమంది ఆడవాళ్ళను వేసుకున్నారు. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి, కొత్తచీర కట్టుకుని, సాయంత్రం అయిదింటిదాకా దాన్ని పాతబరచాలి. విప్పేసి, సొంతచీర కట్టుకుని ఇంటికెళ్ళాలి. ఎవరి చీర ఎంత పాతబడిందో తేల్చడానికి మెత్తదనం నిర్ధారణ ఉపసంఘం అని ఇంకో పన్నెండుమంది సభ్యులు. వాళ్ళు వారానికి రెండుసార్లు కూర్చుని, ఒక చేత్తో కొత్తచీర కొంగూ, ఒక చేత్తో మా నమూనా బొంతా పట్టుకుని బొటనవేలితో రుద్ది చూసి అభిప్రాయం రాసేవారు.

రెండు వారాలైనా చీరలు అట్టల్లాగే ఉన్నాయి. సలహాదారుని గనక నన్ను పిలిచారు. ఆ పన్నెండుమందీ గోడవారన బల్లల మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. కదిలితే చిరుగుతుందని పర్యవేక్షకుడు కదలనివ్వలేదట. కూర్చుంటే చీర పాతబడదు బాబూ, పని చేస్తే పాతబడుతుంది అని చెప్పాను. ఏ పని అని అడిగారు. తడిచేతులు తుడుచుకోవడం, పిల్లల ముక్కు తుడవడం, పొయ్యిమీంచి గిన్నె దింపడం, కళ్ళొత్తుకోవడం అని నోటికొచ్చినవి చెప్పాను. అవన్నీ మరుసటి సోమవారానికి పట్టికగా అచ్చయి గోడకెక్కాయి. చేతులు తుడుచుట రోజుకు నలభైసార్లు. గిన్నె దింపుట పదహారు, గిన్నె ఖాళీది. కళ్ళొత్తుకొనుట ఆరు, నిమిత్తమై ఉల్లిపాయలు సరఫరా చేయబడును. ముక్కు తుడవడానికి పక్కవీధి అంగన్‌వాడీ నుంచి పిల్లలను ఉదయం ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు తోలుకొచ్చేవారు. జలుబు ఉన్నవాళ్ళకు ప్రాధాన్యం.

చిట్టెమ్మ అని వాళ్ళలో ఒకామె నాతో మెల్లిగా అంది: "ఎనిమిది గంటలూ ఇక్కడ ఊరివాళ్ళ పిల్లల మూతులు తుడుస్తున్నానండి. ఇంటికెళ్తే నా పిల్లలు గోడకి తుడుచుకుంటన్నారు. ఇదేం దయోనండి మరి, నాకైతే తెలవట్లేదు."

ఇదంతా అయినా చీరలు నమూనాను అందుకోలేకపోయాయి. తప్పు చీరలది కాదు. మొదటివారం కంటే అవి ఎంతో నయం. కానీ వాటితోపాటు నమూనా కూడా మెత్తబడుతోంది. వారానికి రెండుసార్లు పన్నెండుమంది సభ్యులు, చూడటానికి వచ్చిన పెద్దలు, వారి వెంట వచ్చినవారు, అందరూ దాన్ని వేళ్ళ మధ్య పెట్టి రుద్దేవారు. చీరలు ఒక అడుగు వేస్తే బొంత రెండడుగులు ముందుకు పోయేది. చిదంబరేశ్వరరావుగారికి నిద్రపట్టడం మానేసింది. సమావేశంలో లేచి, బొంతవైపు చెయ్యి చాపి అన్నారు:

"కేంద్రం సిబ్బంది అహోరాత్రులు శ్రమిస్తున్నారు. సదరు నమూనా మాత్రం సహకరించుట లేదు."

ఆ రోజు నేను దగ్గరికెళ్ళి చూశాను. ఒక మూల కుట్లు ఊడిపోయాయి. పైపొర పలచబడి కిందిపొర కనబడుతోంది. వకుళ ఇరవయ్యేళ్ళ చీర. రెండు నెలల్లో దాన్ని ఇంకో ఇరవయ్యేళ్ళు ముసలిదాన్ని చేశారు. సత్యానందం నా పక్కన నిలబడి, నూనెచేతులతో ముట్టుకోవద్దని సభ్యులతో చెప్పి చూశాననీ, పకోడీలు వచ్చేవేళకు ఎవరూ వినడంలేదనీ అన్నాడు. నీరజకు తొమ్మిదో నెల నడుస్తోంది. ఇంకో నెల ఇలా రుద్దితే బిడ్డ కింద పరచడానికి దారాలు మిగులుతాయి.

ఇక ఆగలేక దరఖాస్తు పెట్టుకున్నాను. లబ్ధిదారు ఎవరని అడిగారు. పుట్టబోయే బిడ్డ అన్నాను. పుట్టని వ్యక్తి తరఫున దరఖాస్తు స్వీకరించడానికి లేదన్నారు. పుట్టాక వస్తానన్నాను. పుట్టాక జనన ధ్రువపత్రం జతచేస్తే పదిహేను పనిదినాల్లో మంజూరు చేస్తారు. అయితే బొంత పొందే అర్హత మొదటి పదకొండు రోజులకే ఉంది, అది నేను చెప్పిన ఆనవాయితీ ప్రకారమే రాసుకున్నారు. ఈ లెక్కన ఏ బిడ్డకూ బొంత రాదు కదా అన్నాను. అందువల్లే పథకంలో ఇంతవరకు ఒక్క అవకతవక కూడా జరగలేదని గుమాస్తా గర్వంగా చెప్పాడు.

నా దరఖాస్తు ఫలితం ఏమిటంటే, నమూనా అరిగిపోతోందన్న సంగతి అధికారిగారి మనసుకు పట్టింది. వెంటనే దాన్ని అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేయించారు. ఇకమీదట ఉపసంఘం మెత్తదనాన్ని చూపుతోనే నిర్ధారించాలి. ఎవరూ ముట్టుకోనప్పుడు ఇక దానితో పనేముంది, నాకిచ్చెయ్యండి బాబూ అన్నాను.

"పని లేదు కనుకనే భద్రపరచవలసి వచ్చిందమ్మా," అన్నారు వారు.

ఇంటికొచ్చి పథకం ఉత్తర్వు తీశాను. నలభై ఒక్క పేజీలు. సలహాదారులందరికీ ఒక ప్రతి ఇచ్చారు, చదివినవాళ్ళెవరూ లేరు. నాలుగు రోజులు కూర్చుని చదివాను. నీరజ పక్కన పడుకుని, ఎందుకమ్మమ్మా నీకీ తిప్పలు, ఇంట్లో వేరే పాతగుడ్డలు లేవా అంది. ఉన్నాయన్నాను. మరి? అంది. నేను పేజీ తిప్పాను. అది "అమ్మ ఆ చీర కట్టుకుని నాకు జడ వేసేది కదూ," అని అటు తిరిగి పడుకుంది. ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది నాకు కావలసింది. నమూనాతో సరిపోలని ఏ వస్తువునైనా నిరుపయోగమని ధ్రువీకరించి, ఆఫీసు ఆవరణ నుంచి అదేరోజు తొలగించాలి. ధ్రువీకరించవలసింది గౌరవ సలహాదారు.

ఆ నెల సమావేశం జరిగిన పొద్దుటే నీరజకు నొప్పులు మొదలయ్యాయి. శ్రీహరి ఆటో తెచ్చాడు. నన్నూ ఎక్కమన్నారు. మీరు పదండి, నేను బొంత తీసుకుని వస్తాను అన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తిరిగాక కూడా నిలబడ్డాను. అటు వెళ్ళవలసినదాన్ని ఇటు వెళ్తున్నానే, మళ్ళీ అదే తప్పు చేస్తున్నానేమో అనిపించింది. అయినా ఆఫీసుకే నడిచాను.

సమావేశంలో ఉపసంఘం వారు కేంద్రం మళ్ళీ లక్ష్యం చేరలేదని చెప్పారు. చిదంబరేశ్వరరావుగారి ముఖం వాడిపోయింది. పైనుంచి తనిఖీ రాబోతోంది. అప్పుడు నేను లేచి, నమూనా తీసుకున్ననాడు దాని మెత్తదనం ఏమని రాశారో చెప్పమన్నాను. సత్యానందం రిజిస్టరు తెరిచి, "వెన్నవలె" అని చదివాడు. ఇప్పుడెలా ఉందని ఉపసంఘాన్ని అడిగాను. నమూనా నానాటికీ మెత్తబడుతోందని వారే పోయిన నెల ఫిర్యాదు రాశారు గనక, "వెన్నను మించి" అన్నారు.

"అయితే నమూనా నమూనాతో సరిపోలడం లేదు కదా బాబూ," అన్నాను.

చిదంబరేశ్వరరావుగారు ముప్పై ఎనిమిదో పేజీ తెప్పించుకుని రెండుసార్లు చదివారు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. విఫలమైంది కేంద్రం కాదు, నమూనా. పన్నెండుమంది సిబ్బంది, పన్నెండుమంది సభ్యులు, తాను, అందరూ నిర్దోషులే. వారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వెంటనే ధ్రువపత్రం రాయించమన్నారు. మాటలు వారే చెప్పారు, నేను రాశాను: "సదరు బొంత పూర్తిగా జీర్ణించి, దేనికిని పనికిరాని స్థితిలో ఉన్నదని నేను స్వయముగా పరిశీలించి ధ్రువీకరించుచున్నాను."

"దేనికిని" దగ్గర నా కలం ఆగింది. అక్షరాలు వచ్చిన దగ్గరనుంచి చదివింది ఎంతో ఉంది గానీ నేను రాసింది తక్కువ. ఉత్తరాలు, చాకలిపద్దు, మందుల పేర్లు. వాటిలో అబద్ధం ఏదీ లేదు. వకుళ చీర దేనికీ పనికిరాదని నా చేత్తో రాయవలసి వచ్చింది. అవతల ఆసుపత్రిలో నీరజ ఎలా ఉందో. రాశాను. సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను.

సత్యానందం అద్దాలపెట్టె తాళం తీసి, బొంతను నా చేతిలో పెట్టి, "రిక్షా పిలిచి ఉంచానమ్మగారండీ," అన్నాడు.

నేను వెళ్ళేసరికి బిడ్డ పుట్టి పావుగంట అయింది. ఆడపిల్ల. నీరజ బాగానే ఉంది. నన్ను చూసి కాదు, నా చంకలో ఉన్నది చూసి ఏడ్చింది. మేరమ్మ బొంత పరిచి, బిడ్డను పడుకోబెట్టి, అరచేత్తో గుడ్డను రాసి చూసింది.

"ఇంత మెత్తంది మీరెప్పుడూ కుట్టలేదండి," అంది.

ప్రభుత్వం తరఫున పన్నెండుమంది రెండు నెలలు శ్రమించారని చెప్పాను.

ఇక్కడితో అయిపోవలసింది. మర్నాడు పథకం ఫొటోలతను ఆసుపత్రికి వచ్చాడు. బొంత మీద పడుకున్న బిడ్డ ఫొటో కావాలి, పైకి పంపాలి. వార్డంతా వెతికితే బొంత మీద ఉన్న బిడ్డ ఒక్కతే, మా పిల్ల. చక్కగా తీశాడు. నాలుగో రోజుకు అది "పథకపు తొలి లబ్ధిదారు" అని అచ్చయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. చిదంబరేశ్వరరావుగారు కూడా తృప్తిగా చూసుకుంటూ ఉండగా నేరేడుపండు రంగు గుర్తుపట్టారు. దేనికీ పనికిరాదని తీసివేసిన వస్తువు ఒక దానికి పనికొస్తోంది. అయితే ధ్రువపత్రం తప్పు. ధ్రువపత్రం తప్పయితే నమూనా సరైనది. నమూనా సరైనదైతే కేంద్రం మళ్ళీ విఫలం. అయిదోరోజు పొద్దున్న మేము ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి నోటీసు గుమ్మానికి అంటించి ఉంది. సదరు బొంతను వెంటనే తిరిగి అప్పగించాలి, లేనిచో సిబ్బంది వచ్చి స్వాధీనం చేసుకుంటారు.

శ్రీహరి వకీలు దగ్గరికెళ్దామన్నాడు. నీరజ బిడ్డను పొదువుకుని కూర్చుంది. అధికారి ఎదురుగా లేరు, కాగితమే ఉంది. కాగితమంటే నాకంత భయం లేదు. నోటీసు వెనకాలే జవాబు రాసి పంపాను: "అయ్యా, బిడ్డ దానిమీద నిద్రపోతోంది. లేచాక పంపిస్తాను."

ఆ జవాబు మీద ఆఫీసులో ఒక పూటంతా చర్చ జరిగిందట. బొంత ప్రభుత్వానిది. నిజమే. కానీ నిద్రపోయే పసిబిడ్డ కిందినుంచి గుడ్డ లాగడం పథకం మొదటి పేజీలో రాసిన ఆశయానికి విరుద్ధం. మొదటి పేజీ మాత్రం అందరూ చదివారు. చివరికి ఫైలు మీద "బిడ్డ మేలుకొనువరకు పెండింగు" అని రాసి, రోజూ పదింటికి వచ్చి బిడ్డ స్థితిని పరిశీలించి నమోదు చేయమని సత్యానందాన్ని పంపారు.

అతను రోజూ పొడుగాటి రిజిస్టరు పట్టుకుని వచ్చేవాడు. తేదీకి ఒక గడి, బొంతకు ఒక గడి, బిడ్డకు ఒక గడి. పదింటికి నీళ్ళు పోసి సాంబ్రాణి వేశాక పిల్ల ఒళ్ళెరగక పడుకునేది. అతను తొంగిచూసి, రాసుకుని, కేంద్రం కబుర్లు రెండు చెప్పి వెళ్ళేవాడు. కొత్త నమూనా దొరికేదాకా అక్కడ పని ఆగిపోయిందనీ, ఊరికే కూర్చోలేక చిట్టెమ్మా వాళ్ళూ ఇళ్ళనుంచి సొంత పాతచీరలు తెచ్చుకుని బొంతలు కుడుతున్నారనీ చెప్పాడు. మొన్న ఆదివారం మేరమ్మ సంచితో అటే వెళ్ళిందట. ఇదేమని పర్యవేక్షకుడు అడిగితే, విరామకాలం అని రాసుకోమన్నారట వాళ్ళు.

తొమ్మిదో రోజున నీళ్ళు పోసినా పిల్ల పడుకోలేదు. సత్యానందం గుమ్మంలోకి వచ్చేసరికి కళ్ళు రెండూ విప్పార్చి, కాళ్ళు తన్నుకుంటూ, పైన దూలాన్ని చూసి ఏదో చెబుతోంది. నీరజ జోకొట్టబోయింది. జోకొట్టినకొద్దీ పిల్ల ఇంకా హుషారుగా ఊ కొట్టింది. నీరజ చెయ్యి ఆపేసి నావైపు చూసింది. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ లేదు, అతను ఎదురుగానే ఉన్నాడు.

సత్యానందం వంగి పిల్లను చూశాడు. పిల్ల దూలాన్ని వదిలి అతన్ని చూసింది. చాలాసేపు ఇద్దరూ అలాగే ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అతను నిటారుగా నిలబడి, జేబులోంచి కలం తీసి, రిజిస్టరును గోడకు ఆనించి మూడు గడులూ నింపాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో దిద్దుబాటు ఎరగని రాత. నేను మెడ చాచి చదివాను. తేదీ వేశాడు. బొంత: తడి. బిడ్డ: నిద్ర.

ఆపైన రిజిస్టరు చప్పుడు కాకుండా మూసి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద మెట్లు దిగి వెళ్ళాడు.